గుడారపు ద్వారం దగ్గర నిలబడిన ఐదుగురు
మానవ హక్కులు, బహిరంగ సంభాషణ: మనకు వాటి అర్థం ఏమిటి?

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మానవ హక్కుల గురించి, బహిరంగ సంభాషణ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. తాత్వికమైన విషయం అన్నారు. తత్వం అనగానే మనం గ్రంథాలు తెరుస్తాం. నేను ముందు మా వీధి దగ్గర మొదలుపెడతాను.

మా వీధిలో తెల్లవారుజామున ఆరు కాకముందే చీపురు శబ్దం వినిపిస్తుంది. రెండేళ్ళు ఆ శబ్దం విన్నాను. ఊడ్చే మనిషి ఎవరో ఎప్పుడూ చూడలేదు. ఒక వేసవి ఉదయం ఆమే గేటు దగ్గర నిలబడి, "సార్, కొంచెం నీళ్ళు పోస్తారా?" అని తెలుగులో అడిగింది. నేను గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. ఆమె గ్లాసు అందుకోలేదు. తన ప్లాస్టిక్ సీసా మూత తీసి చాపింది. "అందులో పోయండి సార్" అంది. ఏ ఊరమ్మా అని అడిగితే, అనంతపురం వైపు, మా అమ్మ కాలంలోనే వచ్చేసినాం అంది. వెళ్ళబోతూ మా గోడ మీది వాక్యం క్యాలెండర్ చూసి గొంతు తగ్గించి, "నేనూ ఆదివారం ప్రార్థనకు పోతా సార్. మా పనికాడ మాత్రం చెప్పొద్దండి" అంది.

ఆ కొద్ది నిమిషాల్లో నాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆమె గ్లాసు ఎందుకు అందుకోలేదు? తన ప్రార్థన సంగతి ఎందుకు గొంతు తగ్గించి చెప్పింది? మొదటిది మానవ హక్కుల ప్రశ్న. రెండోది బహిరంగ సంభాషణ ప్రశ్న. ఈ రెండూ ఒకటేనని చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

హక్కు అనే మాట

మనం వాడే "హక్కు" అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. అరబ్బీలో ఆ మాటకు సత్యం అనీ, న్యాయంగా చెందవలసినది అనీ అర్థాలున్నాయి. కన్నడంలో కూడా ఇదే మాట. హిందీలో మాత్రం హక్కులను "అధికార్" అంటారు. మన తెలుగులో అధికారం అంటే కుర్చీ, హోదా, పెత్తనం. ఒక భాషలో హక్కు అయిన మాట ఇంకో భాషలో పెత్తనం అవుతోంది. ఇది కేవలం నిఘంటువుకు సంబంధించిన సంగతి కాదు. హక్కు అంటే పైవాడు కిందివాడికి ఇచ్చేది అని మనలో చాలామంది లోపల అనుకుంటారు. ప్రభుత్వం ఇచ్చింది, ఎమ్మెల్యేగారు ఇప్పించారు, కమిటీ పెద్దలు దయతలచారు అంటాం. ఇచ్చినవాడు రేపు తీసుకోవచ్చు. అలా తీసుకోగలిగినదాన్ని హక్కు అనలేం, అది దయ.

హక్కు మొదటి అర్థం సత్యమే. నేను మనిషిని అనే సత్యం. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది సత్యమే. చట్టం ఆ సత్యాన్ని గుర్తిస్తుంది, కాపాడుతుంది. పుట్టించదు.

1948లో జరిగిన వాదన

1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్య సమితి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 48 దేశాలు ఓటు వేశాయి. ఎనిమిది దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఎవరూ వ్యతిరేకంగా ఓటు వేయలేదు. 30 అధికరణాల ఆ పత్రాన్ని పాశ్చాత్యులు రాసి మన మీద రుద్దారని కొందరు అంటారు. అది సగమే నిజం. ముసాయిదా సంఘానికి ఎలియనోర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షురాలు. ఆ బల్ల దగ్గర గట్టిగా వాదించుకున్నవాళ్ళలో లెబనాన్‌కు చెందిన ఆర్థడాక్స్ క్రైస్తవ తత్వవేత్త చార్లెస్ మాలిక్, కన్ఫ్యూషియస్ సంప్రదాయం తెలిసిన చైనా మేధావి పి.సి. చాంగ్ ఉన్నారు. మన దేశం నుంచి మానవ హక్కుల కమిషన్‌లో హంసా మెహతా ఉన్నారు. మొదటి అధికరణంలో "పురుషులందరూ" అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటను మార్చి "మానవులందరూ" అని రాయించడానికి ఆమె పట్టుబట్టారు. ఆ మార్పు చిన్నదా? ఒక్క మాట మారినందుకు సగం ప్రపంచం ఆ వాక్యం లోపలికి వచ్చింది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. మనుషులు దేవుని స్వరూపంలో సృష్టించబడ్డారు అనే మాటను ప్రకటనలో చేర్చాలని బ్రెజిల్ ప్రతినిధులు ప్రతిపాదించారు. చాంగ్ ఒప్పుకోలేదు. దేవుణ్ణి అలా నమ్మని కోట్లమంది కూడా ఈ ప్రకటన తమదే అనుకోవాలి కదా అన్నది ఆయన వాదన. చివరికి ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు.

ఇది విన్నప్పుడు మనలో కొందరికి బాధ కలగవచ్చు. దేవుని పేరు తీసేశారే అనిపించవచ్చు. నేను దాన్ని ఓటమిగా చూడను. ఆ రోజుల్లోనే ఫ్రెంచి కాథలిక్ తత్వవేత్త జాక్ మారితాన్ ఒక విచిత్రమైన సంగతి గమనించారు. ఒకరినొకరు ద్వేషించుకునే సిద్ధాంతాలవాళ్ళు కూడా హక్కుల పట్టిక మీద ఏకీభవించగలుగుతున్నారు, ఎందుకు అని అడగనంతవరకు. దీని అర్థం "ఎందుకు" అనేది ముఖ్యం కాదని కాదు. ఎవరి "ఎందుకు" వాళ్ళు తమ ఇంటి నుంచి, తమ గ్రంథం నుంచి, తమ పోరాటం నుంచి తెచ్చుకోవాలి. బల్ల దగ్గర మాత్రం అందరికీ అర్థమయ్యే మాట మాట్లాడాలి. బహిరంగ సంభాషణ అంటే మొదటి పాఠం ఇదే. నా విశ్వాసాన్ని ఇంట్లో వదిలి రానక్కరలేదు. కానీ నా విశ్వాసం ఒప్పుకుంటేనే నువ్వు మనిషివి అని ఎదుటివాడితో అనకూడదు.

మన "ఎందుకు"

మరి మన ఎందుకు ఏమిటి? ఆదికాండము మొదటి అధ్యాయం దగ్గరే అది ఉంది. ఆ కాలపు తూర్పు దేశాల్లో దేవుని స్వరూపం అనే బిరుదు రాజులకు ఉండేది. ఆదికాండము దాన్ని రాజు నుంచి తీసి ప్రతి స్త్రీకి, ప్రతి పురుషుడికి ఇచ్చింది. మనుషులను బ్రహ్మ ముఖం నుంచి ఒకరు, పాదం నుంచి ఒకరు పుట్టారని విభజించిన నేల మీద ఈ మాట ఎంత పెద్దదో మన తాతలకు తెలుసు. మన తాతలు మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో సువార్తను అందుకున్నప్పుడు పరలోకం గురించి మాత్రమే వినలేదు. నువ్వు మనిషివి అనే మాట విన్నారు.

తత్వశాస్త్రం ఇదే చోటికి ఇంకో దారిలో వచ్చింది. జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1785లో ఒక తేడా చెప్పారు. ధర ఉన్నదాని బదులు మరొకటి పెట్టవచ్చు. గౌరవం ఉన్నదానికి బదులు లేదు. మనిషికి ఉన్నది ధర కాదు, గౌరవం.

ఈ తేడాను బెంగళూరులో చూద్దాం. 2017 మార్చిలో సి.వి. రామన్ నగర్ దగ్గర కగ్గదాసపురలో మ్యాన్‌హోల్‌లోకి దిగి ముగ్గురు చనిపోయారు. ఒకరు ఊపిరాడక పడిపోతే కాపాడబోయి మిగతావాళ్ళు పోయారు. ఆంధ్రప్రదేశ్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, మన భాషవాళ్ళు. ఆ తర్వాత కూడా ఈ నగరంలో అపార్ట్‌మెంట్ల మురుగు గుంటల్లో మనుషులు చనిపోయారు. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. ఆ డబ్బు ఆ కుటుంబాలకు అవసరం, అది వాళ్ళకు తప్పక అందాలి. కానీ ఒకటి గమనించండి. చనిపోయాక ముప్ఫై లక్షలు ఇవ్వవలసిన మనిషికి బతికి ఉండగా కొన్ని వందల రూపాయలు చేతిలో పెట్టి గుంటలోకి దించుతున్నాం. అంటే అతనికి మనం ధర కట్టాం. ఇతను పోతే ఇంకొకడు దొరుకుతాడు అనుకున్నాం. కాంట్ చెప్పిన తప్పు సరిగ్గా ఇదే. మనం దించే అపార్ట్‌మెంట్ సంఘంలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు.

కోలారు నుంచి వచ్చిన మాట

ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో కోలారు బంగారు గనులు ఉన్నాయి. అక్కడ పాయఖానాలు శుభ్రం చేసే తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో 1966లో ఒక పిల్లవాడు పుట్టాడు. బెజవాడ విల్సన్. తండ్రి, అన్న చేసే పని ఏమిటో ఇంట్లో అతనికి చాలాకాలం చెప్పలేదు. తెలిశాక వెళ్ళి చూశాడు. మనిషి మలాన్ని మనిషి చేతులతో ఎత్తడం చూసి ఏడ్చాడు.

ఆ తర్వాత జరిగింది మన విషయానికి ముఖ్యం. ఆయన మొదట ఎదుర్కొన్నది యాజమాన్యాన్ని కాదు, మౌనాన్ని. ఆ పని చేసేవాళ్ళే దాని గురించి మాట్లాడేవారు కాదు. సిగ్గు. పిల్లలకు తెలియకూడదని భయం. పని పోతుందని భయం. ఇళ్ళ దగ్గర కూర్చుని, ఒక్కొక్కరితో మాట్లాడి, "ఇది మన తలరాత కాదు, మన మీద జరుగుతున్న తప్పు" అని వాళ్ళ నోటితోనే అనిపించడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. తర్వాత ఉత్తరాలు, ఫొటోలు. ఈ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ పుట్టింది. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మా రాష్ట్రంలో అలాంటి పని లేదు అని ప్రభుత్వాలు ప్రమాణపత్రాలు వేశాయి. వీళ్ళు ఫొటోలు, లెక్కలు కోర్టు ముందు పెట్టారు. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. 2014 తీర్పు వచ్చింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఇందులో క్రమం చూడండి. మొదట ఇంట్లో మాట. తర్వాత వాడలో మాట. తర్వాత వీధిలో. తర్వాత కోర్టులో. ఆ తర్వాతే చట్టం. హక్కు సత్యంగా ముందే ఉంది. కానీ అది నలుగురిలో నిలబడడానికి మాట కావలసి వచ్చింది. మాట లేని హక్కు పెట్టెలో దాచిన పట్టా లాంటిది. పొలం మాత్రం వేరేవాడు దున్నుకుంటుంటాడు.

ఐదుగురు అక్కచెల్లెళ్ళు, ఒక గుడ్డివాడు

సంఖ్యాకాండము 27వ అధ్యాయం మనం సంఘంలో తక్కువగా చదువుతాం. సెలోపెహాదుకు కొడుకులు లేరు. ఐదుగురు కూతుళ్ళు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి అరణ్యంలో చనిపోయాడు. చట్టం ప్రకారం భూమి కొడుకులకే. ఆ ఐదుగురూ ఏం చేశారు? ఇంట్లో కూర్చుని ఏడవలేదు. మోషేను చాటుగా కలిసి బతిమాలలేదు. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర, మోషే, యాజకుడు, ప్రధానులు, సర్వసమాజం చూస్తుండగా నిలబడి తమ వాదన చెప్పారు. మా తండ్రికి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు పోవాలి అని అడిగారు.

మోషే వాళ్ళను గద్దించలేదు. చట్టం ఇంతే, వెళ్ళండి అనలేదు. తనకు జవాబు తెలియదని ఒప్పుకుని దేవుని దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమని దేవుడు అన్నాడు. చట్టం మారింది. తర్వాత 36వ అధ్యాయంలో బంధువులు అభ్యంతరం తెచ్చారు. ఆ కుమార్తెలు తమ గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలని నిబంధన వచ్చింది. అంటే మాట ఒక్కరోజులో తేలలేదు. గెలిచిన హక్కు మీద మళ్ళీ బేరం జరిగింది. బైబిలు దాన్ని దాచలేదు.

మన దేశంలో ఇదే ప్రశ్నను ఒక క్రైస్తవ స్త్రీ అడిగారు. తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం, 1916 ప్రకారం కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా ఐదు వేల రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1986లో గెలిచారు. అప్పుడు ఆమెను తప్పుపట్టినవాళ్ళలో చర్చి పెద్దలూ ఉన్నారు. రోజూ సంఖ్యాకాండము ఉన్న గ్రంథాన్ని చేతపట్టుకునేవాళ్ళే.

ఇంకో సంగతి, మార్కు సువార్త పదో అధ్యాయంలో బర్తిమయి. దారిపక్కన కూర్చుని అరుస్తున్నాడు. ఊరుకో అని గద్దించింది ఎవరు? యేసు వెంట నడుస్తున్న జనమే. యేసు ఆగి అతన్ని పిలిపించి, నీకు ఏం చేయాలని కోరుతున్నావు అని అడిగాడు. అతను గుడ్డివాడని కనిపిస్తూనే ఉంది. అయినా అడిగాడు. ఎందుకు? అతని అవసరాన్ని అతని నోటితో చెప్పనిచ్చాడు. మేలు చేయడం ఒకటి. మేలు పొందే మనిషిని మాట్లాడనివ్వడం ఇంకొకటి. మన సంఘాల్లో మొదటిది బాగానే చేస్తాం. క్రిస్మస్‌కు చీరలు పంచుతాం, దుప్పట్లు పంచుతాం. నీకు ఏం కావాలి అని అడిగేది తక్కువ.

తత్వవేత్తలు చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. యూదుల ఊచకోత నుంచి తప్పించుకుని దేశంలేని మనిషిగా బతికిన హన్నా ఆరెంట్, అన్నింటికంటే ముందు మనిషికి హక్కులు కలిగి ఉండే హక్కు కావాలి అన్నారు. అంటే తన మాటకు, తన పనికి విలువ ఇచ్చే ఒక సమాజంలో చోటు. యుర్గెన్ హాబర్‌మాస్ 1962 నుంచి బహిరంగ చర్చకు షరతులు ఏమిటని ఆలోచిస్తూ వచ్చారు. ఎవరైనా లోపలికి రాగలగాలి. ఏ ప్రశ్నయినా అడగగలగాలి. బెదిరింపు ఉండకూడదు. వాదనకున్న బలం తప్ప వేరే బలం పనిచేయకూడదు. ఈ షరతులు పెట్టి మన గ్రామ సభను, మన ఆఫీసు మీటింగును, మన చర్చి కమిటీని ఒకసారి కొలిచి చూడండి.

తెలుగు నేల నేర్పినది

మన తెలుగు నేల దీన్ని రక్తంతో నేర్చుకుంది. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెలను కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే ఒక దళిత స్త్రీ అభ్యంతరం చెప్పింది. అంతే, ఒక మాట. మర్నాడు జూలై 17న పేట మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. అక్కడి నుంచి దళిత మహాసభ పుట్టింది. మాట్లాడిన తప్పుకు చంపారు. దానికి జవాబుగా వేలమంది మాట్లాడడం మొదలుపెట్టారు.

ఆ కాలంలో హక్కుల గురించి తెలుగులో లోతుగా ఆలోచించిన మనిషి కె. బాలగోపాల్. గణితం పాఠాలు చెప్పిన ఆయన పౌరహక్కుల పనిలోకి వచ్చారు. హక్కులను ఉల్లంఘించేది రాజ్యం ఒక్కటే కాదు, కులం, పురుషాధిక్యం, ఆయుధం పట్టిన ఉద్యమం కూడా ఉల్లంఘించగలవు అనే ఆలోచన వైపు ఆయన వెళ్ళారు. 1998లో మానవ హక్కుల వేదిక అలాంటి ఆలోచనతోనే ఏర్పడింది. ఆయన 2009లో చనిపోయేవరకు ఒక ఊళ్ళో ఘటన జరిగితే ముందు వెళ్ళి, అన్ని పక్షాలను విని, తర్వాతే రాసేవారు. వినడం ఆయన పద్ధతి.

ఇంకొకరు ఎస్.ఆర్. శంకరన్. ఐ.ఎ.ఎస్. అధికారి. వెట్టి చాకిరీ నిర్మూలనకు పనిచేసినవారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయనను, మరికొందరు అధికారులను అపహరించారు. పదేళ్ళ తర్వాత 1997లో ఆయనే పౌర స్పందన వేదికకు ముందుండి, ప్రభుత్వమూ నక్సలైట్లూ మాట్లాడుకోవాలని ఏళ్ళ తరబడి తిరిగారు. ఎన్‌కౌంటర్లనూ ప్రశ్నించారు, నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించారు. మధ్యలో నలిగే పల్లెజనం ఏమంటున్నారో ఇద్దరికీ వినిపించారు. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. 2005 జనవరికల్లా ఆ చర్చలు విఫలమయ్యాయి.

విఫలమైన మాటల గురించి ఎందుకు చెప్పడం అని మీరు అడగవచ్చు. ఎదుటివాడు శత్రువైనా అతనికి చెప్పవలసింది ఉంటుంది, వినడం నా బలహీనత కాదు అని ఆ నాలుగు రోజులు చూపించాయి కనుక. ఫలితం రాకపోయినా మాట్లాడడం తప్పు కాలేదు. ఇదే శంకరన్ గారు విల్సన్‌తో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌కు అండగా నిలిచారు. మనిషి గౌరవం కోసం పనిచేసినవాడే మనుషుల మధ్య మాట కోసం పనిచేశాడు. ఇవి రెండు పనులు కావు.

మనం అడిగే అభ్యంతరాలు

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక మాట అంటారు. క్రైస్తవుడు హక్కులు అడగకూడదు, సహించాలి, క్షమించాలి, తన బాధ్యత చూసుకోవాలి. ఈ మాటను నేను తేలికగా తీసిపారేయను. సిలువను నమ్మినవాడికి సహనం విలువ తెలుసు. కానీ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. ఫిలిప్పీలో పౌలునూ సీలనూ విచారణ లేకుండా అందరి ముందు కొట్టి జైల్లో వేశారు. మర్నాడు రహస్యంగా వెళ్ళిపొమ్మని కబురు పంపారు. పౌలు వెళ్ళనన్నాడు. మేము రోమా పౌరులం, అందరి ముందు కొట్టారు, అధికారులే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. తరువాత కైసరుకు అప్పీలు కూడా చేసుకున్నాడు. ముందురాత్రి జైల్లో కీర్తనలు పాడినవాడే ఉదయం హక్కు అడిగాడు. తన మీద పగ కోసం కాదు. ఆ ఊళ్ళో మిగిలిపోయే చిన్న సంఘాన్ని రేపు ఎవరూ ఇలా కొట్టకుండా ఉండాలని అని నేను అనుకుంటాను. నా హక్కును నేను వదులుకోవచ్చు. నా పొరుగువాడి హక్కును వదులుకునే అధికారం నాకు లేదు. సహించు అని మనం ఎవరికి చెబుతున్నాం? తరచుగా మనకంటే కిందున్నవాళ్ళకే.

రెండో అభ్యంతరం. మన దేశంలో మాట్లాడే చోటే తగ్గిపోతుంటే సంభాషణ ఎక్కడ? నిజమే. ఈ నగరంలో ధర్నా చేయాలంటే ఫ్రీడం పార్కుకే వెళ్ళాలి. అది ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకులను అక్కడే ఉంచారు. నగరమంతటికీ నిరసనకు మిగిలింది పాత జైలు ఆవరణ ఒక్కటే. కానీ 2022 జూలై మొదట్లో వేలాది పౌరకార్మికులు చీపుర్లు పక్కన పెట్టి అక్కడే కూర్చున్నారు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, దళితులు, చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. మా ఉద్యోగాలు ఖాయం చేయండి అని అడిగారు. ప్రభుత్వం దిగివచ్చి మాట ఇచ్చింది. 2025 మే 1న పన్నెండు వేలకు పైగా పౌరకార్మికులకు నియామక పత్రాలు అందాయి. గుడారపు ద్వారం దగ్గర ఐదుగురు నిలబడ్డారు. ఇక్కడ జైలు ద్వారం దగ్గర వేలమంది నిలబడ్డారు.

ఆ రోజుల్లో మన తెలుగు సంఘాల నుంచి ఎంతమంది అక్కడికి వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చారు? నేను వెళ్ళలేదు. అందుకే ఈ ప్రశ్న ముందు నాకే వేసుకుంటున్నాను. ఇదే బెంగళూరులో 1957లో పి.డి. దేవనందన్ మొదలుపెట్టగా ఎం.ఎం. థామస్ నడిపించిన క్రైస్తవ అధ్యయన సంస్థ, ఇతర మతాలవాళ్ళతో, మతం లేనివాళ్ళతో కూర్చుని దేశం గురించి మాట్లాడడం క్రైస్తవుని పని అని నేర్పింది. ఎమర్జెన్సీని థామస్ బాహాటంగా వ్యతిరేకించారు. ఆ వారసత్వం మనది. దాన్ని మరిచిపోయాం.

గొంతు తగ్గించిన మాట

ఇప్పుడు ఆ అమ్మ రెండో మాట దగ్గరికి వస్తాను. పనికాడ చెప్పొద్దు అంది. ఎందుకో మీకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు, ముస్లిములకు లేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవుడైన దళితుణ్ణి బి.సి. సి గ్రూపులో పెట్టారు. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. గ్లాసు అందుకోని చెయ్యి వేరే సంగతి చెబుతోంది.

అందుకే చాలా ఇళ్ళలో రెండు పేర్లు. సర్టిఫికెట్టులో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. దీన్ని అబద్ధం అని తీర్పు తీర్చేవాళ్ళు ఉన్నారు. నేను ఇలా అడుగుతాను. ఒక మనిషి తన విశ్వాసం చెబితే రక్షణ పోతుంది, రక్షణ అడిగితే విశ్వాసం దాచాలి. ఈ ఇరుకులో ఆమెను పెట్టింది ఎవరు? రాజ్యం ఒకవైపు. మనం ఇంకోవైపు. మన సంఘాల్లో కులం లేదా? పెళ్ళి సంబంధాల దగ్గర, శ్మశానాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర లేదా? చర్చిలో కులం ఉందని బయట చెప్పడానికి మనకు సిగ్గు. కానీ ఉందని ఒప్పుకోకపోతే దళిత క్రైస్తవులకు హక్కు కావాలని ఏ నోటితో అడుగుతాం? బయట బహిరంగ సంభాషణ కావాలంటే లోపల మొదలుకావాలి.

ఏం చేద్దాం?

యువతీ యువకులారా, పెద్ద కార్యక్రమాలు చెప్పను. నాలుగు చిన్న పనులు చెబుతాను.

ఒకటి, మీ వీధి ఊడ్చే మనిషి పేరు తెలుసుకోండి. పేరుతో పిలవండి. నీళ్ళు గ్లాసులో ఇవ్వండి. గ్లాసు అందుకునేవరకు ఇవ్వండి.

రెండు, మీ అపార్ట్‌మెంటులో మురుగు గుంట ఎవరు శుభ్రం చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో సంఘం మీటింగులో లేచి అడగండి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరమని చెప్పండి. యంత్రం పెట్టడానికి ఖర్చవుతుందంటే, ఆ ఖర్చులో నా వాటా ఇస్తానని చెప్పండి.

మూడు, మీ సంఘంలో నెలకు ఒక సాయంత్రం, ప్రసంగం లేకుండా, వినడానికి కూడండి. ఇళ్ళలో పనిచేసే అక్కలను, పౌరకార్మికులను, డెలివరీ పనిచేసే తమ్ముళ్ళను మాట్లాడనివ్వండి. మధ్యలో సలహా చెప్పకండి. ముగింపు ప్రార్థన కూడా వాళ్ళతోనే చేయించండి.

నాలుగు, మీతో ఏకీభవించనివాళ్ళతో మాట్లాడడం మానకండి. ఫోనులో బ్లాక్ చేయడం తేలిక. మాలిక్, చాంగ్ ఒకరినొకరు బ్లాక్ చేసి ఉంటే ఆ ప్రకటన వచ్చేది కాదు.

చివరగా, ఆ అమ్మ గురించి. నేను ఇప్పుడు రోజూ గ్లాసు తెస్తున్నాను. కొన్ని వారాలు ఆమె సీసానే చాపింది. ఒకరోజు గ్లాసు అందుకుని తాగి, కడగబోయింది. వద్దమ్మా, ఇలా ఇవ్వండి అన్నాను. ఇచ్చింది. నేను హక్కు ఇచ్చానని దయచేసి అనుకోకండి. అది ఆమెదే. నేను ఆలస్యంగా గుర్తించానంతే. ప్రార్థన సంగతి మాత్రం ఆమె ఇంకా గొంతు తగ్గించే చెబుతుంది. ఆమె ఆ మాటను మామూలు గొంతుతో, వీధిలో నిలబడి, భయం లేకుండా చెప్పగలిగే రోజు వచ్చేదాకా మన పని మిగిలే ఉంటుంది.

 ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను.